ఈ ఏడు సలహాలు వినకండి

వానలు మొదలైతే చాలు, ప్రొద్దుటూరు కొర్రపాడు రోడ్డులో, జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర, పులివెందుల పూలంగళ్ళ కాడ ఒకటే మాట వినిపిస్తుంది: "మా వీధిలో ఇంటికొకరు జరంతో పడుకోనుండారు." ఆ మాట వెంటే సలహాలు వస్తాయి. ఇచ్చేవాళ్ళు మనవాళ్ళే, మన మంచి కోరేవాళ్ళే. కానీ ఆ సలహాలు విన్నందుకు మంచం పట్టేది పసిపిల్లలూ ముసలివాళ్ళూ. అందుకే తరచూ వినే ఏడింటిని ఇక్కడ రాసి, ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో చెప్తున్నాను.

1. "పొగబండి వచ్చిపాయ, ఇంగ దోమలుండవులే"

పొగ ఎగిరే దోమను మాత్రమే చంపుతుంది. నీళ్ళలో ఉన్న పిల్లపురుగును అది తాకనైనా తాకదు. డెంగ్యూను మోసే ఏడిస్ దోమ మన ఇంటి మంచినీళ్ళలోనే పెరుగుతుంది: మూతలేని తొట్టి, కూలర్ అడుగు, పాత టైరు, కొబ్బరి చిప్ప, ఫ్రిజ్ వెనక పళ్ళెం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పైగా అది పగలు కుడుతుంది, ఇంట్లో తగిలించిన బట్టల వెనక దాక్కుంటుంది. పొగబండి చప్పుడు వినగానే మనం తలుపులు మూసుకుంటాం. పొగ వీధిలో, దోమ ఇంట్లో.

మన సీమలో నీళ్ళు పట్టి దాచుకోక తప్పదు. దాచుకునే తీరు మార్చుకుందాం. శుక్రవారం 'డ్రై డే' అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. వారానికోసారి తొట్టి ఒంపి, గోడలు పీచుతో రుద్ది, ఎండబెట్టాలి. రుద్దడం మరవకండి, ఎందుకంటే గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఒంపలేని సంపులో టెమిఫాస్ మందు, నీళ్ళు నిలిచే గుంటల్లో గంబూసియా చేపలు వేయించమని వార్డు సచివాలయంలో అడగండి. పొగ కొట్టించమని ఎంత గట్టిగా అడుగుతామో, ఈ రెండూ అంతే గట్టిగా అడగాలి.

2. "నీళ్ళు తేటగానే ఉండాయి, ఆ మందు వాసనే బాగలే"

ఆ వాసన క్లోరిన్‌ది. నీళ్ళలో సూక్ష్మక్రిములను చంపి, పైపు పొడవునా కాపలా కాసేది అదే. వీధి చివరి కొళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణం చెప్తోంది. వాసన వస్తోందని గొడవ చేసి బ్లీచింగ్ తగ్గిస్తే ఆ కాపలా పోతుంది. వాసన నచ్చకపోతే నీళ్ళు పట్టి మూత పెట్టి కాసేపు ఉంచండి, తగ్గిపోతుంది.

బోరు నీళ్ళ కథ వేరు. అవి అద్దంలా మెరుస్తున్నా ఫ్లోరైడ్ ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లు చెడుతున్నాయని చుట్టుపక్కల పల్లెల రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. కంటితో చూసి, నాలుకతో రుచి చూసి తేల్చే విషయాలు కావివి. ప్రతి బోరుకూ ప్రయోగశాల పరీక్ష జరగాలి, ఆ కాగితం పంచాయతీ గోడ మీద అందరూ చదివేలా అతికించాలి.

3. "కొళాయికి మోటారు తగిలించు, నాలుగు బిందెలు ఎక్కువొస్తాయి"

ఈ ఏడింటిలో నన్ను ఎక్కువ బాధపెట్టే సలహా ఇదే. మన పైపుల్లో నీళ్ళు రోజంతా ఉండవు. వదిలినప్పుడు లోపలి ఒత్తిడి మురికిని బయటే ఆపుతుంది. ఆపేశాక పైపు ఖాళీ అయి, బయట ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. ఆ పైపు చాలా వీధుల్లో మురుగుకాలువను ఆనుకొనో, దాన్ని దాటుకొనో పోతుంది. అతుకు దగ్గర సూది మొనంత పగులు చాలు. నీళ్ళు వదిలిన వేళ కూడా మోటారు పెట్టి లాగితే అదే పీల్పు మొదలవుతుంది. మనకు నాలుగు బిందెలు ఎక్కువొస్తాయి, వీధి చివరి ఇంటికి తక్కువ నీళ్ళు వస్తాయి, వచ్చినవాటిలో మురుగు కలుస్తుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం మనుషుల ప్రాణాలు తీసింది. తాగే నీళ్ళలో మురుగు కలిస్తే ఏ ఊరైనా గుర్ల కావచ్చు.

మోటారు తీసేయండి. మీ కొళాయి పైపు కాలువలో మునిగి ఉంటే దాన్ని పైకి ఎత్తించమని అర్జీ ఇవ్వండి. వార్డులో పైపు కాలువను ఎక్కడెక్కడ దాటుతుందో జాబితా రాయించమని కౌన్సిలర్‌ను అడగండి. ఇంట్లో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు మాన్పించకండి. లీటరు మంచినీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలిపి గుక్కగుక్కగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

4. "జరమని బయట చెప్పొద్దు, వీధికి చెడ్డపేరొస్తాది"

ఒకే వారంలో ఒకే వీధిలో మూడిళ్ళకు జ్వరం వచ్చిందంటే ఏఎన్‌ఎమ్‌కు అది చాలా విలువైన కబురు. 2004లో మొదలైన సమగ్ర వ్యాధుల నిఘా కార్యక్రమం నడిచేది ఇలాంటి కబుర్ల మీదే. ఏఎన్‌ఎమ్, డాక్టరు, ప్రయోగశాల, ముగ్గురి లెక్కలూ ఒకచోట చేరితేనే జబ్బు ఎటు పోతోందో తెలుస్తుంది. మనం దాచిన జ్వరం ఆ లెక్కలో ఉండదు. లెక్కలో లేని వీధికి మందు కొట్టేవాళ్ళూ రారు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ప్రొద్దుటూరు కంటైన్‌మెంట్ జోన్ అయిన రోజులు గుర్తు చేసుకోండి. గడప గడపకూ వచ్చి అడిగిన ఆశా కార్యకర్తలకు నిజం చెప్పిన ప్రతి ఇల్లూ పక్కింటిని కాపాడింది.

డెంగ్యూ అనుమానం ఉంటే ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి సొంతంగా మింగకండి, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోకండి. డెంగ్యూలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగేటప్పుడే వస్తుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

5. "సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపు, తక్కువలో అయిపోతాది"

ఆ ట్యాంకులోని విషవాయువు క్షణాల్లో మనిషిని పడేస్తుంది. పడినవాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ పైకి రాడు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దింపించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. యంత్రంతో తోడించండి. తోడినదాన్ని ట్యాంకరు ఎక్కడ పోస్తుందో కూడా అడగండి. పెన్నలోనో ఊరి వంకలోనో పోస్తే అది మళ్ళీ మన బిందెలోకే వస్తుంది.

6. "పెద్దాసుపత్రి ఉంది కదా, భయమెందుకు?"

ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. జమ్మలమడుగులో మిషనరీల కాలం నాటి క్యాంబెల్ ఆసుపత్రి ఉంది. కడపలో రిమ్స్ ఉంది. అవి వచ్చిన రోగిని చూస్తాయి. రోగి రాకుండా చూడాల్సింది ఊరే.

మన పెద్దవాళ్ళను నారికురుపు గురించి అడగండి. రాయలసీమ దిగుడుబావుల్లో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకున్న కాలంలో, రోగి కాలి పుండు లోంచి నారిపురుగు పిల్లలు నీళ్ళలోకి చేరేవి. ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు ఏడాదికి మళ్ళీ కురుపు లేచేది. దానికి టీకా లేదు, నయం చేసే మందూ లేదు. అయినా దేశంలో చివరి కేసు 1996 జులైలో నమోదైంది, 2000 ఫిబ్రవరిలో భారత్ ఆ వ్యాధి నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. దిగుడుబావులు మూయించి చేతిపంపులు వేయడం, నీళ్ళు గుడ్డతో వడకట్టడం, బావుల్లో టెమిఫాస్ వేయడం, ఇంటింటికీ తిరిగి కేసులు వెతకడం, ఇవే దాన్ని తరిమాయి. నేడు దోమపిల్లల మీద వేసే మందూ అదే.

7. "అడిగేదానికి మనమెవరం?"

మనమే అడగాలి. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు ఆరోగ్యం, పారిశుద్ధ్యం పనులను పంచాయతీలూ మున్సిపాలిటీలూ చేపట్టాల్సిన జాబితాల్లో చేర్చాయి. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు చేయాలని షరతు పెట్టింది. 2019 అక్టోబరు 2 నుంచి మొదలైన వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యానికీ ఆరోగ్యానికీ వేర్వేరు కార్యదర్శులను పెట్టారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. సభ పెట్టడం ప్రభుత్వం పని, లేచి నిలబడి అడగడం మన పని.

నాలుగే ప్రశ్నలు అడగండి. మా చివరి కొళాయిలో నిన్న క్లోరిన్ ఎంత ఉంది? ఓవర్‌హెడ్ ట్యాంకు ఏ తేదీన కడిగారు? ఈ వారం వార్డులో జ్వరాలెన్ని? మా కాలువలో పూడిక ఎప్పుడు తీశారు? జవాబు నోటితో చెప్తే కాగితం మీద ఇమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద రాయండి, 30 రోజుల్లో ఇవ్వాల్సిందే.

పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. శుక్రవారం తొట్లు రుద్దినట్టు ఒక గీత గీయండి, సోమవారం సచివాలయానికి వెళ్ళి ఆ నాలుగు జవాబులూ అందులో రాసుకోండి. మొదటి జవాబు ఈ సోమవారమే రాయండి.