బస్టాండు కేకకు టీకాతాత్పర్యము

మూలము: “హుజూర్‌నగర్, మఠంపల్లి, మఠంపల్లి, మఠంపల్లి! రైట్ రైట్!”

అవతారిక: కోదాడ బస్టాండున సూర్యాపేట, మిర్యాలగూడ బస్సుల ఇంజన్లు ఒక్కుమ్మడి మ్రోగుచు, మైకు ప్రకటనలును పల్లీలవారి అరుపులును వానిపై పడుచుండగా, కండక్టరు పలికిన ఈ వాక్యము శ్రోతకెట్లు చిక్కునో తెలుపుటకై ఈ వ్యాఖ్య పుట్టినది. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి తెలుగువాడే యైనను, పాపము, ఆయనకిట్టి మూలము తటస్థింపలేదు.

టీక: హుజూర్‌నగర్ = ఆ పట్టణము మీదుగా; మఠంపల్లి = సిమెంటు కర్మాగారములుగల మండల కేంద్రమునకు (పోవునని అధ్యాహారము); రైట్ రైట్ = ఎక్కవలసినవారు ఇంకను క్రిందనే యున్నారని భావము.

ఆక్షేపము: ఒకే పేరును ముమ్మారు పలుకుట పునరుక్తిదోషము కాదా? కాదు. రొద ఎల్లవేళల ఒకే మట్టమున నుండదు. అది తగ్గిన లిప్తలలో చెవి మాటతునకలను ఏరుకొనును. మొదటిమారు ‘మఠం’ మునిగి, రెండవమారు ‘పల్లి’ మునిగినను, మూడింటినుండి ఒక పేరు కూడివచ్చును. దోషముల పట్టిక కూర్చిన ఆలంకారికులు బస్టాండును లక్ష్యముగా గైకొనకుండుటయే ఈ శంకకు కారణము.

విశేషము: కాక్లియా, అనగా లోపలిచెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న నాళము, హెచ్చుశ్రుతులను మొదటను, మంద్రశ్రుతులను కొసను గ్రహించి ధ్వనిని విడదీయును. డీజిలింజను రొద మంద్రప్రధానము గనుక కండక్టరు గొంతు పైస్థాయికెక్కును. రొదలో గొంతు తనంత తాను హెచ్చుటను ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లోనే వెల్లడించెను. ప్రక్కనుండి వచ్చు కేక దూరపు చెవికి సెకనులో వెయ్యవవంతుకంటె తక్కువ ఆలస్యముతో చేరును. ఆ స్వల్పభేదముననే మెదడు కండక్టరు నొకదిక్కున, ఇంజను నింకొకదిక్కున నిలుపును. 1953లో కోలిన్ చెర్రీ రెండు చెవులకు వేర్వేరు ప్రసంగములు వినిపించి, ఒకదానినే అనుసరింపుమనగా, శ్రోతలు రెండవదానిలో స్త్రీగొంతు వచ్చుటను గుర్తించిరి గాని, భాష జర్మనుకు మారుటను గుర్తింపలేకపోయిరి. అయినను, అట్లు విడిచిన చెవిలో తమ పేరు పలికినచో కొందరు వినిరని 1959లో నెవిల్ మోరే చూపెను. ఊరిపేరును సొంతపేరువంటిదే యని వ్యాఖ్యాత మతము. సూర్యాపేట కేకలకు కదలనివాడు మఠంపల్లి యనగనే సంచి అందుకొనును.

పాఠాంతరము: మట్టపల్లి. ఇది ఆ మండలముననే, కృష్ణ యొడ్డున, లక్ష్మీనరసింహస్వామి వెలసిన క్షేత్రము. ‘ఠం’లోని అనునాసికమైన మకారపు నాదము మంద్రశ్రుతులలో మెండుగనుండుటచే ఇంజను దానిని కప్పివేయవచ్చును. అప్పుడు లోపించిన వర్ణమును మెదడు సందర్భమునుబట్టి పూరించును. మాటలోని ఒక ధ్వనిని తొలగించి దగ్గు చేర్చినను వినువారికి లోపము తెలియలేదని 1970లో రిచర్డ్ వారెన్ ప్రకటించెను. కావున కొబ్బరికాయ చేతనున్నవానికి మట్టపల్లి యనియు, పని దిగి ఇంటికి మరలువానికి మఠంపల్లి యనియు వినబడుట సంభవమే. రెండును సాధుపాఠములే, టిక్కెట్టు ధరలు మాత్రము వేరు.

తాత్పర్యము: బస్సు మఠంపల్లి పోవును. ఒక చెవి మందగించినవారికి పైచెప్పిన దిక్కులభేదము సరిగా అందదు గనుక, వారు కేకను నమ్మక బోర్డు చదివి ఎక్కవలెను.