పదిహేడు రాళ్ల పద్యం: టీకా, తాత్పర్యం, కొంత తగవు

అవతారిక

మాది సి.బెళగల్. తుంగభద్ర ఏటికి ఎగువన మంత్రాలయం, దిగువన కర్నూలు. చీరకు ఎమ్మిగనూరు పోతాం, పత్తి అమ్మడానికి ఆదోని పోతాం. ఇక్కడ టైమెంతని అడిగితే గంట చెప్పరు, బస్సు చెబుతారు. "ఎమ్మిగనూరు బస్సు పోయి శానాసేపాయె" అంటే ఏ పదకొండో అయిందని అర్థం చేసుకోవాలి. ఇట్లాంటి ఊళ్లో నా దగ్గర పదకొండు వాచీలున్నాయి. అన్నీ పాతవే, ఒక్కటి తప్ప అన్నీ కీ ఇచ్చేవే. "ఉండేది రెండు చేతులు, పదకొండు వాచీలేం లెక్కరా?" అని మా అవ్వ అడిగింది. దానికి సమాధానంగా ఒక కవి చెప్పిన ఆటవెలది ఇది. కవి ఎవరో చివర గద్యలో తెలుస్తుంది, తొందరపడొద్దు.

మూలం

కీని తిప్పఁ గదులు గిరగిర ముల్లులు
మఱచితేని నిలుచు మంకుపట్టి
కంటఁ బడవు లోనఁ గలవఁట పదునేడు
రాళ్లు నమ్ముమన్న రాఘవేంద్రు!

ప్రతిపదార్థం

కీని = వాచీ పక్కన మెటికలు దేరిన చిన్న పిడిని; తిప్పన్ = బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, బిగిసేదాకా తిప్పగా (బిగిసినాక ఇంకొక్క చుట్టు అని ఆశపడినవాడు రిపేరు షాపుకు పోతాడు); ముల్లులు = చిన్నముల్లు, పెద్దముల్లు, సెకండ్ల ముల్లు; గిరగిర కదులున్ = గిర్రున తిరుగును; మఱచితేని = రాత్రి పెళ్లి భోజనానికి పోయి వచ్చి మంచమెక్కినావంటే; మంకుపట్టి = అలిగి; నిలుచున్ = ఆగిపోవును; లోనన్ = మూత వెనక; పదునేడు రాళ్లు = పదిహేడు కెంపులు; కలవఁట = ఉన్నాయట; కంటఁ బడవు = కనిపించవు; నమ్ముమన్న, రాఘవేంద్రు = ఈ రెంటి దగ్గరే తగవంతా. కింద చూడండి.

తాత్పర్యం

కీ ఇస్తే తిరుగుతుంది, మరిస్తే నిలబడుతుంది. లోపల పదిహేడు రాళ్లున్నాయంటారు, మనమైతే చూడలేదు.

విశేషాలు

"తిప్పఁ గదులు" అనేచోట ద్రుతం మీది పరుషానికి సరళం వచ్చింది, సరే. "గిరగిర" దగ్గర లాక్షణికులు పట్టుకుంటారు. పెద్దముల్లు గిరగిర తిరిగితే అది వాచీ కాదు, ఫ్యాను. యతి కోసం కవి గడ్డి కరిచాడని ఒకరన్నారు. ఆయన మూత తీసిన వాచీ చూడలేదు. లోపల బ్యాలెన్సు చక్రం ఒకటుంటుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని అటు లాగి ఇటు వదులుతుంటే క్షణం నిలవకుండా ఊగుతుంటుంది. గిరగిరలన్నీ దానివే. ముల్లులు దాని పుణ్యాన నడిచే బోయీలు.

పాత కీ వాచీల్లో ఈ ఊపు సాధారణంగా గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదు టిక్కులు. ఒకనాటి రాత్రి కరెంటు లేక, నిద్రపట్టక, ఆ 18,000ను ఇరవై నాలుగుతో గుణించాను. 4,32,000 వచ్చింది. కలియుగానికి పురాణాలు చెప్పిన సంవత్సరాలూ అన్నే. అంటే ఈ తోలుబెల్టు వాచీ పొద్దుటినుంచి పొద్దుటిదాకా ఒక కలియుగం లెక్కపెట్టి, మళ్లీ మొదలుపెట్టడానికి నా బొటనవేలి కోసం కాచుకుంటుంది. ఇంత పని చేసేదానికి కీ ఇచ్చే మనిషి రాకపోతే అలక రాదా? అందుకే "మంకుపట్టి"లో శ్లేష. పట్టి అంటే బిడ్డ అని కూడా. ఇల్లంతా తిరిగి, ఎత్తుకోలేదని గడపలో కూచున్న మొండిబిడ్డ. అవ్వకు ఈ శ్లేష నచ్చలేదు. "నాకెవరు కీ ఇస్తాండారు? నేను తిరగడంలేదా?" అంది.

పూర్వపక్షం

సెల్లు వాచీకి ఈ పద్యం వర్తించదని కొందరు. నిజమే, వర్తించదు. అందులో క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. టైము పక్కాగా చెబుతుంది. మనిషితో పనిలేదు. నేను నెలరోజులు ఊరికి పోయినా బీరువాలో తనపాటికి తాను నడుచుకుంటూ ఉంటుంది. నా పదకొండింట్లో ఉన్న ఆ ఒక్కటీ అట్లాంటిదే, కొంచెం గర్విష్ఠి. దాని పుట్టినిల్లు తెలుగువాళ్లు దండిగా ఉండే హోసూరు. 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టైటాన్ అక్కడే ఊపందుకుంది. కీ వాచీల కొంప ముంచింది ఈ సెల్లే.

కవి కాలానికి ఆధారం

పదిహేడు రాళ్లంటున్నాడు కాబట్టి కవి మనసులో ఉన్నది హెచ్.ఎం.టి. జనతా అని పండితుల నిశ్చయం. మిషన్లు తయారు చేయడానికి 1953లో పుట్టిన సర్కారు కంపెనీ 1961లో జపాను సిటిజెన్ వాళ్లను తోడు తెచ్చుకుని బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. తర్వాత తుమకూరులో ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది. మా పక్క అల్లుడికి వాచీ, సైకిలు, ట్రాన్సిస్టరు పెట్టనిదే పెళ్లి కుదిరేది కాదంటారు. ఆ వాచీ చాలా ఇళ్లలో ఇదే. హైదరాబాదు ఆల్విన్ సీకో వాళ్లతో కలిసి చేసిన వాచీలూ వచ్చాయి. అప్పటి మన రాజధానిలో పుట్టినవని వాటి మీద కొంచెం పక్షపాతం నాకు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో నిర్ణయించింది. ఎవరూ అడగని జనతాలకు మూసివేత కబురుతో గిరాకీ వచ్చింది. బతికున్నప్పుడు పలకరించనివాళ్లు దినానికి వచ్చినట్టు నేనూ ఆ వరసలోవాణ్ణే.

ప్రక్షిప్తాలు

గ్రంథాల్లో లేని పద్యాలను ఎవరో జొప్పించినట్టు, వాచీ డయళ్లకూ ప్రక్షిప్తాలున్నాయి. పాత డయలు మచ్చలు పడితే గీకేసి కొత్త రంగు కొడతారు, పేరు మళ్లీ అచ్చు వేస్తారు. ముంబై వైపు నుంచి ఇట్లాంటివి మూటలుగా వస్తాయి. హెచ్.ఎం.టి. పైలట్ డయలు నల్లది. నేను మొదట కొన్న పైలట్ చిలకాకుపచ్చ. అమ్మినాయన "రేర్ పీసు" అన్నాడు. నేను నమ్మి, వారం రోజులు చొక్కా చేతులు మడిచి తిరిగాను. తర్వాత భూతద్దం పెట్టి చూస్తే అక్షరాలు ఉబ్బి ఉన్నాయి, నిమిషాల గీతలు అంచుకు ఆనలేదు, ఆరు దగ్గర గీత వంకర. అసలు అచ్చులో గీతలు మగ్గం మీది పోగుల్లా ఉంటాయి, ఒక్కటి తప్పినా కన్నుకు తెలుస్తుంది. ఇప్పుడు పాత డయలు మీద మచ్చ కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. మచ్చ ఉందంటే మూలం భద్రం.

నమ్ముమన్న

ఇక తగవు. "నమ్ముము + అన్న" అని విడగొడితే "అన్నా, నమ్ము" అని సంబోధన. "నమ్ముమని అన్న" అంటే ఎవరో అన్నట్టు. ఎవరన్నారు? రాళ్ల సంగతి చూడనిదే తేలదు. అందుకని వ్యాఖ్యాత స్వయంగా ఎమ్మిగనూరు పోయాడు.

నులకమంచమంత షాపు. అద్దాల పెట్టె, దాని వెనక కంటికి గ్లాసు బిగించుకున్న రిపేరాయన, ఆయన నెత్తిన గోడకు రాఘవేంద్రస్వామి పటం. నేను పోగానే "ఏమన్నా, మల్లా తెస్తివా ముసల్దాన్ని?" అన్నాడు. జనతా తిప్పి పట్టి మూత తీసి, గ్లాసు నాకిచ్చాడు. ఇత్తడి రేకుల నడుమ గసగసాలంత గులాబీ చుక్కలు, ఒక్కోదాని నడుమ సూదిమొన పట్టేంత బెజ్జం, బెజ్జంలో నూనె తడి. చక్రాల ఇరుసులు ఆ బెజ్జాల్లో తిరుగుతాయి. ఉక్కు మీద ఇత్తడి అయితే అరుగుతుంది, రాయి కాబట్టి అరగదు. కెంపులే కానీ గనిలోవి కావు. ఫ్రాన్సులో వెర్నెయ్ అనే ఆయన 1902లో లోకానికి చెప్పిన పద్ధతిలో కొలిమిలో వండినవి. కంసాలి దగ్గరికి తీసుకుపోతే నవ్వుతాడు.

ఎంచితే ఏడే కనిపించాయి.

"మిగతావి?"

ఆయన ఓపిగ్గా లెక్క చెప్పాడు. ప్యాలెట్టుకు రెండు, బ్యాలెన్సు కింద తన్నే రాయి ఒకటి, బ్యాలెన్సు ఇరుసుకు పైన రెండు కింద రెండు, తక్కిన ఐదు ఇరుసులకు జతజతగా పది. "పైన కనిపించేటివి ఇవే. మిగతావన్నీ కిందుండాయి. నమ్మన్నా."

వ్యాకరణం తగవు అక్కడే తీరింది. ఆయన నన్ను అన్నా అన్నాడు, నమ్మమనీ అన్నాడు. ఇద్దరు పండితులూ గెలిచారు.

"రాఘవేంద్రు" అన్నచోట "ని" ఎగిరిపోయింది. రాఘవేంద్రుని నమ్మినట్టు రాళ్లనూ నమ్మమని అన్వయం. ఛందస్సు ఇరుకైతే విభక్తి దిగిపోతుంది, బస్సు ఇరుకైతే మనం ఫుట్‌బోర్డు మీదికి దిగినట్టు. ఉపమ మాత్రం గట్టిది. 1671లో స్వాములవారు మంత్రాలయంలో సజీవంగా బృందావనంలోకి ప్రవేశించారని భక్తులు నమ్ముతారు. వాళ్ల కంటికి కనిపించేది రాయి, లోపల స్వామి. వాచీలో పైన స్వామి లేడు, లోపల రాళ్లు. కవి తిరగేసి చెప్పాడు కాబట్టి దీన్ని ప్రతీపాలంకారం అనొచ్చునా అని అడిగితే, రిపేరాయన నూట యాభై అడిగాడు.

గద్య

ఇది తుంగభద్రాతీర సి.బెళగల్ వాస్తవ్య, ఏకాదశ ఘటికాయంత్ర సంగ్రాహక, హరిత పైలట్ వంచిత, అవ్వ దగ్గర చీవాట్లు తిన్న, కవియూ వ్యాఖ్యాతయూ తానే అయిన ఒకడు, ఎమ్మిగనూరు బస్టాండులో సర్వీసింగు బాకీ యాభై మిగిలి ఉండగా, పదిహేడు రాళ్లలో ఏడు చూసి చెప్పిన ఏకపద్యానికి టీక సమాప్తము. బస్సు ఇంకా రాలేదు.