టిక్కుల సార్

టిక్కుల సార్ ఒంటి మీద టోపీ నుంచి జోళ్ల దాకా అంతా ఆకుపచ్చే. అడవిలో కలిసిపోవాలని ఏరి కొన్నవి. ఆ తర్వాత నోరు విప్పుతారు.

"చేట్టా, ఇవాళ ఎన్ని లైఫర్లు ఇప్పిస్తావ్?"

చేట్టా అంటే మలయాళంలో అన్న, ఇక్కడ మా గైడు. లైఫర్ అంటే జన్మలో మొదటిసారి చూసిన పక్షి. సార్ ఫోన్లో దాని పేరు పక్కన టిక్కు పడాలి. పడకపోతే ఆ పక్షి పుట్టనట్టే లెక్క. అందుకే హైదరాబాదు నుంచి కేరళలోని తట్టేకాడ్‌కి దిగారు. 1933లో తిరువాన్కూర్ పక్షుల సర్వే చేస్తూ సలీం అలీ తిరిగిన అడవి ఇది. 1983లో ఆయన పేరు మీదే అభయారణ్యం అయింది. విస్తీర్ణం సుమారు 25 చదరపు కిలోమీటర్లే, పక్షి జాతులు మాత్రం వందల్లో. "అంటే కిలోమీటరుకి..." అని సార్ భాగహారం మొదలుపెట్టగానే గైడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

గైడుది ఆ పక్క ఊరే. సగం పక్షుల్ని చెవులతోనే పట్టేస్తాడు. పొదల్లోంచి సన్నటి కూత వినబడితే చాలు, "ట్రోగన్" అంటాడు. సార్ ఫోన్ పైకెత్తి దానికీ ఆ కూత వినిపిస్తారు. ఫోన్ కూడా ట్రోగనే అన్నాక అప్పుడు గైడుని నమ్ముతారు.

దారిలో మైనా కనబడితే, "మా అపార్ట్‌మెంట్లో బోలెడు." పొన్నంగిపిట్ట చలికాలం గడపడానికి ఉత్తరాది నుంచి అంత దూరం ఎగిరొచ్చి, రాలిన ఆకులు తిరగేసుకుంటూ పురుగులు ఏరుకుంటోంది. దాని ఒంటి మీద లేని రంగు లేదు. "పోయినేడే కొట్టేశాను" అంటూ సార్ దాటిపోయారు. నేను మాత్రం కదల్లేకపోయాను.

రాత్రి వాన పడిందేమో, జలగలు లేచాయి. అవి పట్టకుండా వేసుకోవలసిన పొడుగు మేజోళ్లు సార్ బ్యాగులో భద్రంగా ఉన్నాయి. తట్టేకాడ్ జలగ ఒకటి సార్ పిక్క మీద టిక్కు పెట్టుకుంది.

అసలు వచ్చింది శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ కోసం. రాత్రి పురుగుల్ని వేటాడి, పగలంతా ఎండుటాకు వేషంలో కొమ్మ మీద కునుకు తీస్తుంది. గైడు ఒక్కడే తీగల్లోకి దూరి, కాసేపటికి వేలితో పిలిచాడు. మూరెడు దూరంలో జంటగా కూర్చున్నాయి. "ఎక్కడ? ఎక్కడ?" అంటారు సార్. అవి కదల్లేదు, కదిలే అలవాటు వాటికి లేదు. చివరికి లెన్సుకి దొరికాక ఫిరంగి పేలినట్టు ఫోటోలు పేలాయి.

"ఒకటి బూడిద రంగు, ఒకటి ఎర్ర మట్టి రంగు. రెండు టిక్కులేగా?"

"మొగుడూ పెళ్లాం, సార్. ఒకటే."

లక్షల లెన్సు మెడలో వేసుకుని, గైడు కూలి దగ్గర మాత్రం సార్ బేరమాడారు. జీపులో కూర్చుని, లైఫర్ ఒక్కింటికి ఎంత పడిందో లెక్కేసుకున్నారు.

తట్టేకాడ్ వెళ్లేవాళ్లకి ఒక్క మాట. గైడుని ముందే మాట్లాడుకోండి, అడిగినంతా ఇవ్వండి. టిక్కుల సార్ తగిలితే వేరే జీపు ఎక్కించండి.