అన్నీ చూపిచ్చే బావ

కోరుట్లలో చుట్టరికం ఉన్నవాళ్లందరికీ ఇలాంటి బావ ఒకడు ఉంటాడు. మావాడు మా అక్క మొగుడు. పద్దెనిమిదేండ్లు దుబాయిలో సెంట్రింగ్ పని చేసి వచ్చి ఏడు సీట్ల బండి కొన్నాడు. అందులో పదకొండు మంది పడతారని ఆయన లెక్క. దసరాకు పట్నం నుంచి ఎవరు దిగినా సరే, మర్నాడు తెల్లారగట్ల అయిదింటికి వాకిట్లో హారన్ మోగాల్సిందే.

"ధర్మపురి, కొండగట్టు, వేములవాడ. ముగ్గురు దేవుండ్లు ఒక్క డీజిల్ల అయితరు. నడుండ్రి."

బావ దృష్టిలో ఊరంటే ఒక గుడి, గుడి పక్కన తెలిసినవాడి టిఫిన్ సెంటర్, ఆ వెనక చుట్టాల ఇల్లు. ఇందులో ఏది లేకున్నా అది ఊరు కాదు, వట్టి దారి. ధర్మపురిలో నరసింహస్వామి దర్శనమయ్యాక యమధర్మరాజు గుడి ముందు నన్ను నిలబెట్టి, "ముందుగాలనే మొకం సూపెట్టు, రేపు గుర్తుపడ్తడు" అన్నాడు. ఇదే గోదావరి ఒడ్డున ఇంకాస్త కిందికి పోతే కోటిలింగాల. శాతవాహనుల తొలి రాజు శ్రీముఖుడి నాణేలు దొరికిన చోటు. పోదామా అని అడిగాను.

"నాణేలు ఎప్పుడో పట్నం పాయె బామ్మర్దీ. మనం పోయి ఎవల్ని సూస్తం?"

తిరిగి జగిత్యాల వచ్చేసరికి మా ఆవిడ ఫోన్‌లో కోట బొమ్మ చూసింది. "పైనుంచి చుక్కలాగా ఉందన్నయ్యా, ఆపండి."

"కిందినుంచి తుమ్మచెట్ల లెక్క ఉంటది చెల్లే."

చెల్లె మాట తీసెయ్యలేక ఆపాడు. పక్క ఊళ్లో పుట్టి, దుబాయి దాకా పోయొచ్చి, యాభై దాటాక ఆ దర్వాజలోకి మొదటిసారి కాలుపెట్టాడు. నేను చదివిందంతా ఏకరువు పెట్టాను. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడు, చుట్టూ కందకం, గీసింది ఫ్రెంచి ఇంజనీర్లు. జాక్, టాల్ అనే ఆ ఇద్దరి పేర్లు కలిసే జగిత్యాల అయిందని ఒక కథ, కాదు పొలవాస జగ్గదేవుడి పేరని ఇంకొందరు. బావ వింటున్నట్టు లేడు. గోడ దగ్గరికి పోయి రెండు రాళ్ల నడుమ అతుకును బొటనవేలి గోటితో గీకాడు. వేలికంటిన పొడిని నలిపి చూసి, "సున్నం" అన్నాడు. తర్వాత మెడ వెనక్కి వంచి చాలాసేపు పైకే చూస్తూ నిలబడ్డాడు. "జాకు, టాలు కాయితం మీద గీసిండ్రు సరే. ఈ రాయి పైకి మోసినోని పేరేందే?"

నా దగ్గర జవాబు లేదు. బండిలో తనే అందుకున్నాడు. దుబాయిలో ఆయన సెంట్రింగ్ కొట్టిన టవర్ ఎక్కడానికి ఇప్పుడు టూరిస్టులు టికెట్ కొని లైన్ కడతారట. పని అయిపోయిన మర్నాడే సెక్యూరిటీవాడు బావను గేటు దగ్గర ఆపేశాడట.

కొండగట్టులో కోతి కొబ్బరిచిప్ప ఎత్తుకుపోయింది. అంతే.

వేములవాడలో కోడె మొక్కు. పలుపు మా అబ్బాయి చేతిలో పెట్టారు. వాడికి తొమ్మిదేండ్లు, ఎద్దును పుస్తకంలో తప్ప చూడలేదు. పొద్దున్నుంచి ఎన్ని కుటుంబాలను తిప్పిందో, కోడెకు దారి కంఠతా వచ్చు. మావాడు కోడెను తిప్పాడని మేం చెప్పుకుంటాం గానీ తిప్పింది కోడే. బావ ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తూ, "మల్లొకసారి గుంజురా, మొకం రాలే" అంటున్నాడు. గుడి ఆవరణలోనే ఉన్న దర్గాకూ దండం పెట్టించాడు. యాత్రికుడిలో సగం టూరిస్టు, టూరిస్టులో సగం యాత్రికుడు ఉంటాడని విక్టర్, ఎడిత్ టర్నర్ అనే ఆంత్రోపాలజిస్టు దంపతులు 1978లో తేల్చారు. మా బావను చూసి ఉంటే డ్రైవర్‌కు ఎంత వాటా ఇచ్చేవారో.

సిరిసిల్ల చేరేసరికి పొద్దుగూకింది. మా ఆవిడకు అగ్గిపెట్టెలో పట్టే చీర కావాలి. అలాంటిది నేసి ఊరికి పేరు తెచ్చినాయన నల్ల పరంధాములు; వీధిలో టకటకలాడేవి మాత్రం మరమగ్గాలు, పాలిస్టరు, లంగా గుడ్డ. ఒక ఇంటి ముందు కండెలు చుడుతున్న పెద్దమ్మను "అసలైన సిరిసిల్ల చీర ఏది?" అని అడిగింది. పెద్దమ్మ ఈమె కట్టుకున్న పట్టుచీర అంచు పట్టి చూసి, కొంచెం పైకెత్తి, "మీదిది కంచిదో ఏడిదో బిడ్డా. లోపటిది మాదే" అంది.

పోయిన దసరా నుంచి బావ కోటను కూడా లిస్టులో కలిపాడు. మా అక్క చెప్పింది, జాక్, టాల్ కథ ఇప్పుడు అరగంట చెబుతున్నాడట. జాకు ఒక సెంట్రింగ్ మేస్త్రి అయ్యాడట. మీరూ రండి. పొద్దున అయిదింటికల్లా తయారుగా ఉండండి. కోటిలింగాల మాత్రం అడగకండి, అక్కడ మావాళ్లెవరూ లేరు.