పాలు పోసేవారూ ఐటీ ఉద్యోగులే

ఐటీ విస్తరణలో పుట్టే ఉద్యోగాలు రెండు రకాలు: ప్రత్యక్షం, పరోక్షం. ప్రత్యక్ష ఉద్యోగికి ఐడీ కార్డు, పీఎఫ్ ఖాతా ఉంటాయి. ఎవరైనా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. పరోక్ష ఉద్యోగితో ఆ బెంగ లేదు. అందుకే ప్రభుత్వ ప్రకటనల్లో ఆయనదే మెజారిటీ.

విశాఖ గూగుల్ డేటా సెంటర్ ఖాతాలో రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉద్యోగాల అంకె 1,88,220. చివరి ఇరవై మందిని కూడా వదలని ఆ నిక్కచ్చితనం మెచ్చదగ్గది. కట్టేటప్పుడు మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు వేలల్లో కావాలి, నిజమే. కట్టడం పూర్తయ్యాక సర్వర్లనూ జనరేటర్లనూ కనిపెట్టుకుని ఉండేందుకు వందల్లో మనుషులు చాలు. మిగిలినవారు ఎక్కడుంటారు?

గేటు ఎదుట టీ కొట్టులో ఉంటారు. ఆ కొట్టుకు పాలు పోసేవారు, ఆ పాలిచ్చే గేదెకు గడ్డి కోసేవారు, గడ్డి మోసుకొచ్చే ఆటో నడిపేవారు, ఆటోకు పంక్చరు వేసేవారు అందరూ ఐటీ రంగ లబ్ధిదారులే. గేదెను కలిపారో లేదో స్పష్టత లేదు.

ఆ పంక్చరు షాపు డేటా సెంటర్ పేరు పుట్టకముందూ ఉంది. తనది కొత్తగా కల్పించిన ఉద్యోగమని దాని యజమానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ప్రత్యక్ష ఉద్యోగాల సంగతీ చూడాలి. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు విశాఖలో 21.16 ఎకరాలు 99 పైసల ధరకు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. బదులుగా వస్తాయన్నవి 12,000 ఉద్యోగాలు. జులైలో అదే సంస్థ ప్రపంచవ్యాప్తంగా సుమారు 12,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. వచ్చేవారి అంకెకు ఫ్లెక్సీలు కట్టారు. పోయేవారి అంకెకు ఎవరూ కట్టలేదు.

ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ లెటర్ అందుకున్న పిల్లలు రెండేళ్లకు పైగా ఎదురుచూశారు. చేరాక పరీక్ష తప్పారంటూ 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రైనీలను పంపేశారు. లెటర్ ఇచ్చిన రోజున వాళ్లూ ‘కల్పించిన ఉద్యోగాలే’. బయటికి పంపిన రోజున ఆ లెక్కలోంచి ఎవరూ తీసెయ్యలేదు. కూడిక ప్రభుత్వానికి, తీసివేత తల్లిదండ్రులకు. ఇది మోసం, ఇంకో పేరు అనవసరం.

ఫ్రెషర్ జీతం పదేళ్లుగా మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. దాని మీద ప్రకటనలు రావు.

భూమిని సెంటు లెక్కన కొలిచి ఇచ్చే ప్రభుత్వానికి మనుషుల్ని లెక్కపెట్టడం కష్టం కాదు. రాయితీ పొందిన ప్రతి సంస్థ రాష్ట్రంలో ఎందరికి పీఎఫ్ కడుతోందో ఏటా ప్రకటించాలి. మాట తప్పితే భూమి వెనక్కి తీసుకోవాలి. అంతవరకు ఈ అంకెల్ని చూసి పిల్లల్ని కోర్సుల్లో చేర్చకండి.