మైకు కూసినా, డిటెక్టర్ మోగినా మాట పడకుండా ఉండటానికి తొమ్మిది చిట్కాలు

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మీటింగ్ హాలు ఆపరేటర్‌గా చేరిన కుర్రాడికి మొదటి రోజే రెండు యంత్రాలు అప్పజెబుతారు. లోపల మైకు సెట్టు, గుమ్మంలో మెటల్ డిటెక్టర్. రెండింట్లోనూ పని చేసేది తీగచుట్టే. చేతి మైకులో మాట తాకిడికి తీగచుట్ట అయస్కాంతం దగ్గర కదిలి కరెంటు పుట్టిస్తుంది. డిటెక్టర్‌లో తీగచుట్ట పుట్టించిన అయస్కాంత క్షేత్రాన్ని జేబులోని తాళంచెవి చెదరగొడుతుంది. ఇవి చేసే ప్రతి శబ్దానికీ ఓ కారణం ఉంటుంది. కారణం వెతికితే పని పెరుగుతుంది. శబ్దాన్ని అర్థం చేసుకోవాల్సింది ఒక్కందుకే, తప్పు ఎవరి మీదికి నెట్టాలో తేల్చుకోవడానికి. ఇక మొదలుపెట్టండి.

1. బాక్సులు వక్త వెనకే పెట్టండి. జనం వైపు, మైకుకు ముందుగా పెట్టాలంటే బోలెడు వైరు లాగాలి. వెనక పెడితే బాక్సులోంచి వచ్చిన శబ్దం మైకులో దూరి, యాంప్లిఫయర్‌లో పెరిగి, మళ్లీ బాక్సులోంచి వచ్చి కుయ్యిమంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. బాక్సు కాస్త పక్కకు తిప్పినా, వాల్యూమ్ కొంచెం తగ్గించినా ఆగిపోతుంది. ఆ రెండూ చేయకండి. "సార్, మీ గొంతులో పవర్‌కి మా మైకు ఆగట్లేదు సార్" అనండి. ఆయన పొంగిపోయి ఇంకా గట్టిగా అందుకుంటారు.

2. కుర్చీలోంచి లేవకండి. నోటికీ మైకుకూ దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. వక్తను జానెడు దూరంలోకి జరపాలంటే వేదిక ఎక్కాలి. అంత శ్రమ దేనికి? గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పేయండి. ఫ్యాను గాలి, టీ గ్లాసుల గలగల, అధ్యక్షుల వారి దగ్గు అన్నీ జనానికి అందుతాయి. సభ నిండుగా ఉంటుంది.

3. టేబుల్ మైకులన్నీ పొద్దున్నే ఆన్ చేసి వదిలేయండి. ఆన్‌లో ఉన్న మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ, కూత రాకుండా పెంచుకోగల వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మాట్లాడేవారి మైకు ఒక్కటే ఉంచి మిగతావి ఆపమంటారు. వినకండి. "ఈయన కూర్చునేదెప్పుడు, మనం భోజనానికి లేచేదెప్పుడు" అని నాలుగో కుర్చీ ఆయన ఐదో కుర్చీ ఆయనతో అన్న మాట హాలంతా మోగుతుంది. పారదర్శకత అని చెప్పండి. కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

4. హమ్‌కు సందర్భాన్ని బట్టి పేరు పెట్టండి. బాక్సుల్లోంచి ఎడతెరిపి లేకుండా గుమ్మని వస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు మోత. ఎర్తింగ్ సరిగా ఉండదు, లేదా మైకు వైరు కరెంటు వైరును అంటిపెట్టుకుని పోతుంది. వైరు విడదీస్తే పని పడినట్టే. ప్రవచనంలో వస్తే ఓంకారం అనండి. బాపట్లలో ఆఫీసు మీటింగులో వస్తే సూర్యలంక సముద్రం అనండి. కరకరమంటే ఉప్పుగాలికి పిన్ను తుప్పు పట్టిందని అర్థం. తుడవకండి. పిన్ను మీద రెండు దెబ్బలు వేసి, పని చేస్తున్నట్టు కనపడండి.

5. పద్యనాటకంలో ఎర్ర లైటును పట్టించుకోకండి. తెనాలిలో నటుడు రాగం ఎత్తుకున్నాడంటే ఒక పట్టాన దించడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ ఎత్తుకుంటాడు. సిగ్నల్ యాంప్లిఫయర్ ఓపిక దాటిపోతే అల కొసలు తెగిపోతాయి, గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తుంది, క్లిప్ లైటు ఎర్రగా వెలుగుతుంది. దాన్ని స్టేజి లైటింగులో కలిపేయండి. బాక్సులో ట్వీటర్ కాలిన వాసన వచ్చిందంటే రాగం పండిందన్నమాట.

6. మైకు చచ్చిపోతే చరిత్ర తీయండి. అదనపు బ్యాటరీలు కొనడం దండగ. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ మైకు లేకుండానే జరిగింది. "అంత పెద్ద సభకే మైకు లేదండీ, మీ కమిటీ మీటింగుకు కావాలా?" అని అడగండి. తెనాలిలోనూ రేపల్లెలోనూ ఇదే మాట వాడుకోండి. బాపట్ల దగ్గరే కదా.

7. డిటెక్టర్‌ను ఇనప షట్టర్ పక్కనే నిలబెట్టండి. షట్టర్ కదిలినప్పుడల్లా మోగుతుంది, మోత మామూలైపోయి ఎవరూ పట్టించుకోరు. ఎవరైనా అడిగితే టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ పేరు చెప్పండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా ఎక్కడుందో వెతకడానికి బెల్ ఇలాంటి యంత్రమే పట్టుకెళ్లాడు. మంచం స్ప్రింగుల లోహం అడ్డొచ్చి లెక్క తప్పింది, తూటా దొరకలేదు. బెల్ అంతటివాడికే మంచం కుదరకపోతే మనకు షట్టర్ కుదురుతుందా?

8. మోగనివాణ్ణే ఆపండి. తాళాలు, బెల్టు బకిలీ, స్టీలు క్యారేజీ ఉన్న ప్రతివాడికీ డిటెక్టర్ మోగుతుంది. ఒంట్లో ఏ ఎత్తున లోహముందో స్తంభం మీది లైటు చూపిస్తుంది, కానీ దాన్ని చూడాలంటే ఫోన్ మీంచి తలెత్తాలి. మోగినవాళ్లంతా మామూలు మనుషులు, వదిలేయండి. మోగకుండా దాటినవాడి దగ్గర తాళంచెవి కూడా లేదు. ఇల్లూ బండీ లేనివాడికి ఈ మీటింగులో ఏం పని? పక్కన నిలబెట్టి ప్రశ్నలు వేయండి. ఈలోగా మిగతా లైను హాయిగా లోపలికి వెళ్లిపోతుంది.

9. ఆదివారాలు చేతి డిటెక్టర్‌ను నిధుల వేటకు అద్దెకివ్వండి. లోహాన్ని బట్టి స్వరం మార్చే డిటెక్టర్లలో ఇనుముకు మంద్ర స్వరం, రాగికీ వెండికీ హెచ్చు స్వరం పెట్టడం మామూలు. బంగారు ఉంగరమూ కూల్‌డ్రింకు డబ్బా రింగూ దాదాపు ఒకేలా పలుకుతాయి. ఇవేవీ నేర్పకండి, అద్దె గంటల లెక్కన వస్తుంది కదా. సూర్యలంకలో తడి ఇసుక మీదికి తీసుకెళ్లమనండి. ఉప్పునీరు కరెంటును మోస్తుంది కాబట్టి ఉత్త ఇసుకకే మోగుతుంది, మోగిన చోటల్లా తవ్వుకుంటారు. తర్వాత రేపల్లె దారిలో భట్టిప్రోలు చూపించండి. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో రాతి పెట్టెలు, స్ఫటికపు భరిణె బయటికి తీశాడు. రాయికీ స్ఫటికానికీ డిటెక్టర్ పలకదు. పలక్కపోతే బాగా లోతున ఉందని చెప్పి ఇంకో గంట అద్దె రాసుకోండి. పురావస్తు శాఖ బోర్డు చదవకండి, చదివితే తెలిసి చేసినట్టవుతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ఏది దొరికినా తొమ్మిది రూపాయల తొంభై పైసలని రాసుకోండి.

ఇవన్నీ వరసగా పాటిస్తే ఏడాది తిరక్కముందే మూడు ఊళ్ల వాళ్లూ మిమ్మల్ని మీటింగులకు పిలవడం మానేస్తారు. భట్టిప్రోలు సంగతి మాట్లాడటానికి పోలీసులు మాత్రం పిలుస్తారు, వెళ్లి కూర్చోండి. అక్కడ మైకు పని ఉండదు, మోసే బాక్సులు ఉండవు. బయటికి రాగానే "అనుభవం గల సౌండ్ ఇంజినీర్" అని బోర్డు రాయించి నలుగురు కుర్రాళ్లను చేర్చుకోండి. ఫీజు మాత్రం ముందే తీసుకోండి.