పాసులుంటే చెప్పండి, తప్పకుండా వస్తాం

శ్రీకాకుళం యాసకు మహర్దశ పట్టింది. 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ సినిమా వచ్చాక మా మత్స్యకారుల మాట ఊరూరా వినబడింది. 2018లో గుజరాత్ తీరాన పాకిస్తాన్‌కు చిక్కి, 2020లో ఇల్లు చేరిన మనవాళ్ల కథ మరి. హీరోగారు ఎంతో కష్టపడి యాస నేర్చుకున్నారని విని మురిసిపోయాం. ఆ వేషానికి మన కుర్రాణ్ణే పెట్టుకోవచ్చు కదా అనకండి. వాడికి యాస పుట్టుకతోనే వచ్చు. ఇక ఇంటర్వ్యూలో ఏ కష్టం చెప్పుకుంటాడు?

స్థానిక ప్రతిభ మీద మాకు ప్రేమ లేక కాదు. మనిషి రైలెక్కాక అది పొంగుతుంది. శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావును, విజయనగరంలో పుట్టిన సుశీలను, అక్కడి సంగీత కళాశాలలో చదివిన ఘంటసాలను మద్రాసుకు సాగనంపి, ఆనక ‘మావాళ్లే’ అని చెప్పుకున్నాం. 1892లో విజయనగరంలో రంగమెక్కిన ‘కన్యాశుల్కం’ కూడా 1955లో వెండితెర ఎక్కడానికి మద్రాసు బాటే పట్టింది. ఊరికి బాకీపడి పారిపోయినవాడు ఆ నాటకంలోని గిరీశం ఒక్కడే. మిగతావాళ్లకు ఊరే బాకీ.

కరుణ కుమార్ ‘పలాస 1978’ 2020 మార్చి 6న విడుదలైంది. ఆ నెల తిరక్కుండానే కరోనా హాళ్లకు తాళాలేసింది. ‘చూద్దామనే అనుకున్నాం’ అనడానికి మాకు గట్టి సాకు దొరికింది. 2018లో కంచరపాలెం జనమే నటించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చినప్పుడు పాపం అలాంటి సాకు లేదు. అయినా ఇప్పుడు ఎవర్నడిగినా చూశామనే అంటారు. ఏ హాల్లో అని అడక్కూడదు.

సర్కారు కూడా తన వంతు చేసింది. వంద కోట్ల సినిమాలో ఇరవై శాతం మన రాష్ట్రంలో తీస్తే పది రోజులు టికెట్ రేటు పెంచుకోవచ్చని 2022 మార్చిలో జీవో ఇచ్చింది. హీరో, డైరెక్టర్ల పారితోషికాలు ఆ వందలో కలవవంది. చిన్న సినిమాకూ రోజుకో ఆట రాసిపెట్టారు. చిన్నదంటే ఇరవై కోట్ల లోపట. చీపురుపల్లిలో భూమి అమ్మి బొమ్మ తీసే కుర్రాడు ఈ లెక్కన చిన్నవాడు కూడా కాడు.

ఫిలిప్పీన్స్‌లో ఒక పద్ధతుంది. 1975 నుంచీ అక్కడ మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతోంది. క్రిస్మస్ నాటి నుంచి కొత్త సంవత్సరం దాకా హాళ్లలో సొంత సినిమాలే ఆడతాయి, హాలీవుడ్ బయట నిలబడుతుంది. 2016లో మామూలు కామెడీలను పక్కనపెట్టి నాణ్యమైన చిన్న సినిమాలను ఎంచితే వసూళ్లు పడిపోయాయి. చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాళ్లు సముద్రం అవతల కూడా ఉన్నారన్నమాట! మనమూ సంక్రాంతికి అలాంటి పండగ పెట్టుకోవచ్చు. కాకపోతే ప్రారంభించడానికి హైదరాబాద్ నుంచి పెద్ద హీరో రావాలి, ఆయన సినిమా కూడా అదే రోజు పడాలి.

ఈమధ్య మా కుర్రాడొకడు తీసిన సినిమా ఆడుతోందంటే మార్నింగ్ షోకి వెళ్లాను. హాలు అద్దె అతనే కట్టాడు, డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలూ అతనివే. బుకింగ్ కిటికీలోంచి మనిషి తల బయటపెట్టాడు.

‘పదిమందైనా అవ్వాల బాబూ, లేకపోతే బొమ్మెయ్యం. ఇప్పటికి నలుగురయ్యారు. అందల ఇద్దరు డైరెక్టరు మావఁలే.’

మిగిలినవాళ్లేరీ? ముందురోజు వాట్సాప్‌లో ‘మన సినిమాను మనమే బతికించుకోవాలి’ అని దండం బొమ్మలు పెట్టినవాళ్లు బోలెడుమంది. వాళ్లకు ఫోన్లు కొట్టాను. ఒకాయన పాసుందా అన్నాడు. ఇంకొకాయన ఓటీటీలో ఎప్పుడొస్తాదేటి అన్నాడు. మూడో ఆయన కొత్త హీరో ట్రైలర్‌కు పాలాభిషేకంలో ఉన్నాడు, మాట వినబడలేదు. చివరికి తక్కువపడ్డ టికెట్లు డైరెక్టరే కొన్నాడు.

బొమ్మ బాగానే ఉంది. నాగావళి ఒడ్డు, జీడితోటలు, సంతలో బేరాలు కళ్లకు కట్టాయి. ఒక్కటే అర్థం కాలేదు. కథంతా మా జిల్లాలోనే. పాలేరు, కామెడీవాడు నిఖార్సైన మా యాస మాట్లాడారు. హీరో మాత్రం టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడాడు.

ఇంటర్వెల్లో టీ తాగుతూ అడిగాను. ‘ఏటి తమ్ముడా, నీ హీరో మనూరోడే కదా, అలగ మాట్లాడతాడేటి?’

‘హీరోకి మన యాస పెడితే కొననన్నాడన్నా, డిస్ట్రిబ్యూటరు.’

‘ఎక్కడోడేటి ఆడు?’

‘మన ఆమదాలవలసోడే.’